తాడిపత్రి పోయొచ్చినాక మా అత్త

మా అత్త పోయింది. పొద్దున్నే కాఫీ ఇస్తే ఒక గుక్క తాగి, "థూ, ఇది కాఫీనా, అంట్లు కడిగిన నీళ్లా" అని లోటా పక్కన పెట్టింది. మళ్లీ డికాషన్ దింపి, పాలు కాంచి, కలుపుకొని వచ్చేలోపల గోడకు ఆనుకొని కూచున్న మనిషి కూచున్నట్టే పోయింది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. ఇంకొక ఇంట్లో అయితే కోడలికి మనసు నొచ్చుకునేదేమో. నాకు మాత్రం అదే తృప్తిగా ఉండాది. పోయేదాకా మా అత్త మా అత్తగానే ఉండింది.

నేను ఇరుగుపొరుగు వాళ్లను పిలిచేలోపలే మా ఇంటాయన ఫోన్లో ఆమె ఫోటో పెట్టేసినాడు. దానికింద దీపాల బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడినాయి. "శాంతమూర్తి" అని ఒకరు. "సహనశీలి" అని ఇంకొకరు. "ఎవరినీ పల్లెత్తు మాట అనని తల్లి" అని ఇంకొకాయన. ఆయన మా వీధి మొగం ఏనాడైనా చూసినాడో లేదో నాకు తెలీదు. మా అత్త పల్లెత్తు మాట అనకపోవడమేంది? ఆమె లేస్తూనే అనేది, పండుకునేదాకా అనేది. బతికినన్నాళ్లూ ఆమెకు భయపడి సందు మార్చుకొని పోయినోళ్లే చచ్చినాక ఆమెను దేవతను చేస్తాంటే నాకు రోత పుట్టింది. ఆ రోతకే ఇది రాస్తాండా. ఆమె ఎట్లాంటిదో ఆమెతో ఒకే పొయ్యి కాడ ముప్పై ఏండ్లు పైన గడిపిన దాన్ని, నేను చెప్తే సరిపోతాది.

మా అత్తకు రోత ఎక్కువ. పాలు వాసన చూడకుండా పొయ్యి మీద పెట్టేది కాదు. పెండ్లికి పోతే ఆకు వెనక్కి తిప్పి చూసి గానీ వడ్డించుకునేది కాదు. ఊరికి పోతే సంచిలో ఆమె లోటా ఆమెకు ఉండాల్సిందే, పరాయి లోటా మూతికి పెట్టేది కాదు. ఎవరన్నా తియ్యగా మాట్లాడితే ఇంకా రోత. "ఆ యమ్మ మాట జిగట జిగటగా ఉండాది మే, చెయ్యి కడుక్కొని రా" అనేది నాతో. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నా పప్పు నోట్లో పెట్టుకొని, బంధువులందరి ముందరా, "ఉప్పు వేసేది మరిచిపోయినావా, మీ ఇంట్లో ఉప్పే లేదా" అని అడిగింది. ఆ పొద్దు ఏడ్చినా. తర్వాత తర్వాత గమనించినా, నన్ను గురించి వీధిలో ఒక్కరి దగ్గర కూడా ఒక్క చెడ్డమాట అనలేదు. ఆమె లెక్క ఆమెకు ఉండేది. "తిట్టేది ఎదురుగా తిట్టాల మే, మెచ్చుకునేది వీపెనక మెచ్చుకోవాల. లోకం అంతా తిరగేసి చేస్తాంది" అనేది.

మాది ధర్మవరం. మా మామ మగ్గం నేసేవాడు, మా అత్త కండెలు చుట్టేది. అడ్డంగా నేసే పేకదారం ఆ చిన్న కండెలకు చుట్టి ఇస్తేనే మగ్గం ఆడేది. వాళ్ల సాలు ఇండ్లలో, అంటే నేతపనోళ్ల వరస ఇండ్లలో, ఇంకా ఇద్దరు ఉండిరి, ఆమె ఈడువాళ్లే, ఆమె మాదిరే కండెలు చుట్టేవాళ్లు. ఒకామె తర్వాత తాడిపత్రికి పోయింది, కొడుకు బండల పాలిష్ ఫ్యాక్టరీ పెట్టుకున్నాడని. ఇంకొకామె యాడికి అనే ఊరికి పోయింది, మొగుడు మగ్గం మీద విసిగి సొంతూర్లో శెనక్కాయ చేనుకు పోతే ఆయన వెనకాల. నేను వాళ్లను తాడిపత్రత్త, యాడికత్త అని పిలుస్తా.

ఈ ముగ్గురి కథ ఒకటి చెప్పాల. నేతపనోళ్లకు ఆదివారం లేదు, పండగలు కూడా అంతంత మాత్రమే. మగ్గం మీద నిలువుదారాల పడుగు అయిపోయిన రోజే సెలవు. పాత పడుగు తెగినాక కొత్త పడుగు పోగుల్ని దానికి ఒక్కొక్కటి అతికేదానికి వేరే మనిషి వస్తాడు, ఆయన అతికేదాకా మగ్గం ఖాళీ. ఆ పొద్దే ఆడోళ్లు సినిమాకు గానీ గుడికి గానీ పోవాల. ముగ్గురి ఇండ్లలో పడుగులు ఒకే పొద్దు తెగుతాయా? తెగవు. అందుకని ఈ ముగ్గురూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరి మగ్గం ముందుకు పోతాంటే వాళ్లు కండెలు నెమ్మదిగా చుట్టాల. ఎవరిది వెనకపడితే వాళ్లు కూడు మానుకొని చుట్టాల. మొగోళ్లు, "ఏందే ఈ పొద్దు దారం ఇట్ల చిక్కులు పడతాండాది" అని తిట్టుకుంటా కూచుంటే వీళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లంట. మూడు పడుగులూ ఒక్క పొద్దే తెగేవి. ముగ్గురూ చిత్రాన్నం మూట కట్టుకొని పోయేవాళ్లు. ఈ కిటుకు మా మామకు చచ్చేదాకా తెలీదు.

తర్వాత ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరు పట్టినారు. మా మామ పోయినాక మగ్గం తీసేసి, మా ఇంటాయన పట్టుచీరల అంగడి పెట్టినాడు. మా అత్తకు కొడుకు అంగడంటే గర్వం. తాడిపత్రి, యాడికి వైపు ఎవరింట్లో పెండ్లయినా, ఆ ఇద్దరికీ ఫోన్ చేయించి, "మా అంగడికి పంపియ్యండే, నా మాట మీద కొనుక్కోమను, మగ్గం చీర అని నేను చెప్తాండా" అనేది. వాళ్లు పంపేవాళ్లు. వాళ్ల చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు వచ్చేవాళ్లు. ఆమె మోకాళ్ల నొప్పులతో అంగడి మెట్లెక్కేది మానుకొని చానా కాలమయింది, లోపల ఏమేముండాదో ఆమె చూడలేదు. అంగడి సంగతులు ఇంట్లో మాట్లాడే అలవాటు మా ఇంటాయనకు లేదు.

పోయిన కార్తీకమాసంలో తాడిపత్రత్త ఫోన్ చేసింది. "ముసలోళ్లమైపోయినాం మే, ఇంగొకసారి ముగ్గురం కలిసి తిరుగుదాం రా. పెన్నలో నీళ్లుండాయి. యాడికి దగ్గర కోనకు పోయి వనభోజనం చేద్దాం" అని. మా అత్త రెండు పొద్దులు నిద్రపోలేదు. నిప్పట్లు కాల్పించింది, ఊర్బిండి పచ్చడి నూరించింది. రోట్లోనే నూరాల, మిక్సీ ముట్టుకోకూడదు. నన్ను తోడు రమ్మనింది.

బస్సు ప్రయాణం గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ రోతగా ఉంటాది. అనంతపురం దాటినాక ముందు సీటు మనిషి కిటికీలో నుంచి గుట్కా ఉమ్మితే సగం వచ్చి మా అత్త చీర మీద పడింది. ఆమె లేచి నిలబడి, "నాయనా, నీ నోరు మోరీ అయితే అయింది, నా చీర ఎందుకు మోరీ చేస్తాండావు" అని అడిగింది. బస్సంతా వినింది. తాడిపత్రి వస్తాండంగానే రోడ్డుకు రెండు పక్కలా పాలిష్ చేసిన బండలు, చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. తాడిపత్రత్త వాకిట్లోనే ఎదురొచ్చి పట్టుకుంటే, మా అత్త మొదట అనిన మాట, "ఏమే, మీ ఊర్లో అన్నం మీద కూడా బండల పొడి చల్లుకొని తింటారా" అని. తాడిపత్రత్త, "తింటాం, నీకూ పెడతా, గట్టిపడతావు" అనింది. యాడికత్త అప్పటికే వచ్చి లోపల కూచోనుండాది. కండక్టరు ఎక్కడికని మా యాసలో "యాడికవ్వా" అని అడిగితే "యాడికే" అన్నానని, ఆ పాచిపట్టిన జోకు ఆమె మళ్లీ చెప్పింది. ముగ్గురూ దానికి పడిపడి నవ్వినారు. నాకు మా అత్త అట్ల నవ్వేది చూడడం అదే మొదలు.

ఆ సాయంత్రం పెన్న ఒడ్డు గుడికి పోయినాం. గుడి బాగుండాది, రాతిపని కన్ను తిప్పుకోనియ్యదు. గుడి బయటకొస్తే ఒడ్డంతా పగిలిన సీసాలు, ఎంగిలి పేపరు ప్లేట్లు, ఎవరో పుట్టినరోజు చేసుకొని పారేసిపోయిన కేకు, దాని మీద ఈగలు. కార్తీక దీపాలు విడిచేదానికి వచ్చినోళ్లు ఆ కేకు పక్కనే చెప్పులు విడుస్తాండారు. మా అత్త ముక్కుకు కొంగు పెట్టుకొని, "దేవుడు లోపల ఎట్ల కూచున్నాడో తల్లీ, నేనైతే లేచిపోదును" అనింది. అయినా ముగ్గురూ చీరలు మోకాళ్ల దాకా ఎత్తుకొని నీళ్లలో నిలబడినారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని. వాళ్ల చెప్పులకు, లోటాలకు నన్ను కాపలా పెట్టి చిన్నపిల్లలయిపోయినారు.

ఇంటికొచ్చినాక జరిగిందే అసలు సంగతి. తాడిపత్రత్త కోడలు మంచి పిల్ల, మర్యాదస్తురాలు. చుట్టాలొచ్చినారని ఏమేం చూపించాలో తెలీక, కొత్తిల్లు చేరినప్పుడు కట్టుకున్న పట్టుచీర తెచ్చి మా అత్త ఒడిలో పెట్టింది. "చూడు పెద్దమ్మా" అనింది. మా అత్త చీర ముందువైపు చూడనే లేదు. ఎవరు చీర చూపించినా ఆమె చేసే పని ఒకటే. అంచు తిరగేసి, వెనకవైపు బొటనవేలితో తడుముకుంటా పోతాది. చెయ్యి నేసిన చీర ఒకచోట బిగువుగా, ఒకచోట కొంచెం వదులుగా ఉంటాది, మనిషికి ఆకలయిన పొద్దు, నిద్ర తక్కువైన పొద్దు అంచులో తెలుస్తాది అనేది. మరమగ్గానికి ఆకలి లేదు, నిద్ర లేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరు.

ఆమె బొటనవేలు రెండు జానలు పోయి నిలిచిపోయింది. "థూ" అనింది. "మరమగ్గం ఇది. మగ్గం చీర అని చెప్పి అమ్మినాడా? యా దొంగనాకొడుకమ్మా నీ నెత్తిన పెట్టినాడు?"

ఆ పిల్ల మొగం పాలిపోయింది. వాళ్లత్త వైపు చూసింది. తాడిపత్రత్త కండ్లతోనే వద్దు వద్దంటాంది, ఆ పిల్లకు అర్థం కాలేదు. "మీ అంగడిలోదే కదా పెద్దమ్మా" అనింది మెల్లగా. "నీ మాట మీదే పోయి తెచ్చుకున్నాం."

మా అత్త ఆ చీర మడతలు మడతలుగా మళ్లీ పెట్టింది, మొదట ఎట్లుండిందో అట్లే. పక్కన పెట్టింది. తాడిపత్రత్త వైపు తిరిగి, "నీకు తెలుసునా" అని అడిగింది.

"తెలుసు" అనింది తాడిపత్రత్త. "నేనూ కండెలు చుట్టిన దాన్నే గదా. చీర ఇంట్లోకొచ్చిన పొద్దే తెలిసింది. నువ్వొస్తాండావని బీరువాలో అడుగున దాపెట్టినా. ఈ పిల్లకు ఎందుకని చెప్పలేదు, చెప్పింటే బయటికి తీసేది కాదు."

నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడినట్టు, మా ఇంటి సిగ్గు తెచ్చి వాళ్లింటి నట్టింట్లో పరిచినట్టయింది. మా ఇంటాయన మీద నాకు వచ్చిన రోత మాటల్లో చెప్పేది కాదు. రోజూ ఆయన చేతి దుడ్లతోనే గదా పూజకు పూలు కొంటాండేది అని తలుచుకున్నా.

ఆ పూట మా అత్త అన్నం ముట్టలేదు. తెల్లారి లేస్తూనే సంచి సర్దుకొని, "ధర్మవరం బస్సు ఎన్నింటికి" అనింది. యాడికత్త గడపకడ్డం నిలబడింది. మాట మెత్తనే గానీ ఆ యమ్మ పట్టు ఉడుంపట్టు. "నీ కొడుకు మీద రోత నా వంకాయ కూర మీద చూపియ్యొద్దు. నేను మొన్నటి నుంచి కాయలు ఏరిపెట్టుకొనుండా. కోనకు పోతాండాం, పద" అనింది. మా అత్తను ఎదిరించి మాట్లాడే ప్రాణి భూమ్మీద ఈ ఇద్దరే.

కోనకు పోయినాం. బీడు నేలలో, ఎండిపోయిన చేన్ల మధ్యలో పోతా పోతా ఉంటే ఒక్కసారిగా చెట్లు, రాళ్ల సందులో నీళ్లు. అంత చల్లటి చోటికి కూడా డబ్బాలు తెచ్చి పాటలు పెట్టినారు మనోళ్లు. సెల్ఫీల కోసం ఒకాయన గుడి మెట్ల మీద కాలు మీద కాలేసుకొని పండుకున్నాడు. మేం దూరంగా ఒక బండ మీద కూచున్నాం. విస్తరాకులు పరిచి యాడికత్త వడ్డించింది. మా అత్త చేతులు ఒడిలో పెట్టుకొని కూచోనుండాది. నిన్న పొద్దున నవ్విన మనిషేనా ఈమె అనిపించింది నాకు.

మా అత్త యాడికత్తను అడిగింది. "నీ కూతురి పెండ్లికి తెచ్చుకున్నేదీ అంతేనా?"

"అంతే" అనింది యాడికత్త.

"తెలిసీ ఎందుకు కొన్నారే మీరు? ఒక్కసారి చెప్తే సరిపోతుండె గదా. ఇన్నేండ్లు నేను ఫోన్లో మాట ఇస్తానే ఉండా, మీరు ఊ కొడతానే ఉండారు. నన్ను ఏమనుకున్నారే మీరు?"

యాడికత్త కూర వడ్డించేది ఆపలేదు. "నీ మాట మీద కొన్నాం" అనింది. "నీకు తెలీదని మాకు తెలుసు. చెప్పినామనుకో, నువ్వు ఇంగ మాకు ఫోన్ చేసేదానివా? సిగ్గుతో చచ్చుండేదానివి. చీరదేముండాది, రెండు పెండ్లిండ్లకు కట్టుకుంటారు, పెట్టెలో పెడతారు. నిన్ను పెట్టెలో పెట్టుకోలేం గదమ్మీ."

మా అత్త కండ్ల నుంచి నీళ్లు కారినాయి. తుడుచుకోలేదు. నేను వచ్చిన కొత్తలో మా మామ పోయినప్పుడు కూడా ఆమె తలుపు మూసుకొని ఏడ్చింది గానీ మంది ముందర ఏడవలేదు. తాడిపత్రత్త ఆమె విస్తరిలో ముద్ద కలిపి చేతిలో పెట్టింది. మా అత్త తినింది. నమిలి, మింగి, "ఊర్బిండిలో ఉప్పెక్కువైంది, ఎవరే నూరింది" అనింది. నేనే నూరింది, ఆమె పక్కనే కూచొని నూరిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు తాడిపత్రి బస్టాండులో తాడిపత్రత్త నన్ను పక్కకు పిలిచి, "మీ అత్త నిన్ను గురించి ఫోన్లో ఏమంటాదో తెలుసా మే? నా కడుపున పుట్టినోడి కంటే నా ఇంటికొచ్చిన పిల్ల నిజమైందని. మేమిద్దరం ఎన్నిసార్లు విన్నామో" అనింది. బస్సులో మా అత్త పక్కన కూచున్నా గానీ, ఆమె మొగం వైపు చూస్తే ఏడుస్తానని కిటికీ బయటికి చూస్తా కూచున్నా.

ఇంటికొచ్చినాక పోట్లాట అవుతాదనుకున్నా. కాలేదు. ఆమె మొగం చూస్తూనే మా ఇంటాయన ముందరే మొదలుపెట్టినాడు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. "ఈ కాలంలో అందరూ అదే అమ్ముతాండారు మా, మగ్గం చీర రేటు చెప్తే గిరాకీ మెట్లు దిగిపోతాడు" అని. మా అత్త కాళ్లు కడుక్కుంటా, "అమ్ముకో. మిషను చీర అమ్మేది తప్పని ఎవరన్నారు? మిషను చీర అని చెప్పి అమ్ముకో. అన్నం తినే నోట్లో అబద్ధం ఎందుకు పెట్టుకుంటావు నాయనా" అనింది. అంతే. తెల్లారి మోకాళ్లకు గుడ్డ కట్టుకొని, నా భుజం పట్టుకొని, ఒక్కొక్క మెట్టూ ఎక్కి అంగడి వాకిట్లో కుర్చీ వేయించుకొని కూచుంది.

ఇంగ రోజూ అదే. చీర బయటికి పోయే ముందు ఆమె చేతి మీదుగా పోవాల. అంచు తిరగేసి, "ఇది మిషను. బాగుండాది, రంగు నీకు సరిపోతాది, కట్టుకో. మగ్గం రేటు మాత్రం ఇయ్యొద్దు" అనేది. లేదంటే, "ఇది మగ్గం. ఎవరో మంచి చెయ్యి నేసింది, బేరమాడొద్దు" అనేది. మా ఇంటాయన మొదట పండ్లు కొరుక్కున్నాడు. తీర్థయాత్రలకు పంపిస్తానన్నాడు. ఇంట్లో పెద్ద టీవీ తెచ్చి పెట్టినాడు. ఆమె ఆ టీవీ చూసి, "ఈ ఆడోళ్లకు ఇంట్లో పనిలేదా, పొద్దుగూకులూ కన్నీళ్లు పెట్టుకుంటారు, రోత" అని ఆపేసి అంగడికి పోయింది.

గిరాకీ పడిపోతాదనుకుంటే పెరిగింది. ఆ అవ్వ ఉండే అంగడికి పోదాం, ఆమె చెప్తే నిజం అని ముదిగుబ్బ నుంచి, ఇంకా యాడయాడి నుంచో వచ్చేది మొదలుపెట్టినారు. విధి లేక మా ఇంటాయన మగ్గం చీరలు ఒక పక్క, మిషను చీరలు ఒక పక్క అరలు కట్టించినాడు. తాడిపత్రత్త కోడలికి మంచి మగ్గం చీర ఒకటి మా అత్తే ఎంచి పంపించింది. ఆ కొద్ది నెలలూ మా ఇంట్లో అన్నం ఎట్లుండిందో నాకు తెలుసు. గొంతులో దిగేది.

ఆమె పోయింది, ఆ అరలు కలిసిపోయినాయి. పెద్దకర్మ చేసే పెద్దదినం కూడా దాటకముందే.

పెద్దదినానికి తాడిపత్రత్త, యాడికత్త వచ్చినారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని వచ్చి, ఆమె కూచునే గోడ దగ్గర కూచున్నారు. భోజనాలు అయినాక వచ్చినోళ్లందరికీ మా ఇంటాయన ఒక్కొక్క ప్లాస్టిక్ సంచి చేతిలో పెట్టినాడు. లోపల స్టీలు డబ్బా, ఓళిగలు. సంచి మీద మా అత్త బొమ్మ, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా పండ్లన్నీ కనపడేటట్టు నవ్వతాండాది. కంప్యూటర్లో పెట్టించినాడంట ఆ నవ్వు. మొగం తెల్లగా చేసినారు, ముడతలు తీసేసినారు. బొమ్మ కింద అంగడి పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో "అమ్మ మాట, అచ్చమైన మగ్గం పట్టు" అని.

తాడిపత్రత్త ఆ సంచి చానా సేపు చూసింది. డబ్బా, ఓళిగలు తీసి తన గుడ్డసంచిలో వేసుకుంది. ఖాళీ సంచి నాలుగు మడతలు మడిచి నా చేతిలో పెట్టింది. "దీన్ని నేను బస్సులో తీసుకపోలేను మే. యాడన్నా కింద పెడతాం, ఎవరన్నా కాలు పెడతారు" అనింది. యాడికత్త కూడా తనది తీసి ఇచ్చింది. మా ఇంటాయన చూస్తానే ఉండాడు. నాకు ఆయన కట్టుకున్న తెల్లపంచ మీద ఉమ్మాలనిపించింది, తప్పో ఒప్పో, అనిపించింది.

మొన్న మధ్యాన్నం క్యారియర్ ఇచ్చేదానికి అంగడికి పోయినా. యాడికి వైపు నుంచి వచ్చిన ఒక తల్లీ కూతురూ పెండ్లి చీర ముందర పెట్టుకొని కూచున్నారు. ఆ తల్లి చేతిలో మా అత్త బొమ్మ సంచి ఉండాది, ఎవరో చుట్టాలు ఇచ్చినారంట. నన్ను చూసి, "మీరు ఇంటోళ్లా అక్కా? ఈ యవ్వ మాట మీదే వచ్చినాం. బాగా ఎంచి ఇయ్యమని చెప్పండి" అనింది. నేను చీర అంచు చూసినా. నాకు మా అత్తంత చెయ్యి లేదు, అయినా ఆ చీర మోసం కనుక్కునేదానికి అంత చెయ్యి అవసరం లేదు.

"ఆ యవ్వ మాట ఆ యవ్వతోనే పోయిందమ్మా" అన్నాను. "ఈడ ఉండేది బొమ్మే. ఇది మిషను చీర. మీకు మిషనే కావాలంటే మిషను రేటు ఇచ్చి తీసుకోండి. మగ్గం చీర కావాలంటే లేసి నాతో రాండి, నేసే ఇంటికే తోలుకపోతా."

మా ఇంటాయన గద్దె మీద నుంచి లేచినాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఇంట్లో పొయ్యి ఎట్ల వెలగాలని? ఇంగొకసారి ఇట్ల చేసినావంటే చూడు" అన్నాడు.

"ఇంగొకసారి కాదు, రోజూ వస్తా" అన్నాను. క్యారియర్ ఆయన ముందర పెట్టి, ఆ తల్లీ కూతుర్లను తీసుకొని మెట్లు దిగినాను. వాళ్లకు సాలు ఇండ్లలో చీర చూపించి, బస్సెక్కించి వస్తాంటే బస్టాండు పక్క మోరీలో సంచి కనపడింది. పంది ఒకటి మూతితో దాన్ని తోస్తాంది. మోరీ నీళ్లలో మా అత్త నవ్వతాండాది.

దిగి తీసుకున్నాను. నా చీర పాడైంది, పాడయితే అయింది. ఇంటికి తెచ్చి కొళాయి కింద పెట్టి, సబ్బు పూసి, పీచుతో రుద్దినాను. ముక్కు మీద బురద పోయింది. నుదుటి మీద బురద పోయింది. ఎంత రుద్దినా ఆ నవ్వు మాత్రం పోలేదు.